ముందు మాట వినపడాలి: కొత్త హోమ్ థియేటర్‌కి రిసీవర్ సెట్టింగ్స్

(బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఏ కంపెనీది కొనాలి, ఎంత పెట్టాలి అన్నది ఈ రోజు మాట్లాడను. మీలో చాలామంది ఇప్పటికే కొనేశారు. ఎస్.పి. రోడ్డులో బేరమాడి తెచ్చుకున్నవాళ్లున్నారు, ఆన్‌లైన్‌లో పండగ ఆఫర్లో తీసుకున్నవాళ్లున్నారు. పెట్టెలు ఇంటికొచ్చాయి. కుర్రాడొకడు వచ్చి వైర్లు కలిపి, ఒక ఫైటు సీను పెట్టి, కిటికీలు అదిరేలా వినిపించి వెళ్లిపోయాడు. తర్వాత నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే: "సౌండ్ బ్రహ్మాండంగా ఉందండీ, మాటలే వినపడట్లేదు." మాటల దగ్గర వాల్యూమ్ పెంచాలి, పాట రాగానే తగ్గించాలి. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోనే ఉండాలి. ఇంట్లో అత్తయ్యగారో నాన్నగారో "ఆ టీవీ స్పీకరే నయం, అది పెట్టు" అంటారు. అంత డబ్బు పోసి కొన్న సిస్టమ్ ఇక చుట్టాలొచ్చినప్పుడే ఆన్ అవుతుంది. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

చాలావరకు తప్పు స్పీకర్లది కాదు. రిసీవర్ అంటే టీవీ నుంచి శబ్దం తీసుకుని స్పీకర్లన్నిటికీ పంచే పెట్టె. దానికి కళ్లు లేవు. మీ హాలు ఎంత ఉందో, ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉందో, ఏది ఎంత బరువు మోయగలదో దానికి మీరే చెప్పాలి. మీరు చెప్పకపోతే ఫ్యాక్టరీలో పెట్టిన అంకెలతో నడుస్తుంది. తప్పు చెబితే ఆ తప్పునే తు.చ. తప్పకుండా పాటిస్తుంది. సెట్టింగ్స్ అంటే దానికి మీ ఇంటి గురించి నిజం చెప్పడం, అంతే.

మెనూలోకి వెళ్లే ముందు వెనకవైపు చూద్దాం. స్పీకర్ వైరు రెండు పోగుల్లో ఒకదానిమీద గీతో, రంగో, అక్షరాలో ఉంటాయి. ఆ పోగు రెండు చివర్లా ఎర్ర టెర్మినల్‌కే వెళ్లాలి. ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారైతే దాని కోను, అంటే ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే గరాటు, ముందుకు రావాల్సినప్పుడు వెనక్కి పోతుంది. ఒకే ఉయ్యాలను ఇద్దరు ఎదురెదురుగా నెట్టినట్టు, రెండు స్పీకర్ల బేస్, అంటే లోతైన గుమ్మనే శబ్దం, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. మాట మధ్యలోంచి రావాల్సింది పోయి ఎటో పరుచుకుంటుంది. అనుమానం ఉంటే మామూలు ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ బ్యాటరీ తీసుకోండి. రిసీవర్ వైపు నుంచి వైరు ఊడదీసి, గీత ఉన్న పోగును బ్యాటరీ ప్లస్‌కి, రెండోదాన్ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. వూఫర్, అంటే స్పీకర్లోని పెద్ద కోను, బయటికి కదిలితే సరిగ్గా ఉన్నట్టు. లోపలికి పోతే ఎక్కడో తిరగబడింది. స్పీకర్ ముందున్న గుడ్డ జాలీ తీసి చూస్తే ఆ చిన్న కదలిక స్పష్టంగా కనపడుతుంది.

ఇంకొకటి, రాగి పోగులు. వైరు చివర ఒలిచినప్పుడు వెంట్రుకలాంటి పోగు ఒక్కటి పక్కకు లేచి పక్క టెర్మినల్‌ని తాకితే చాలు, రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది. ఆన్ చేయగానే టిక్కుమని ఆగిపోతోంది, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలా అని అడిగేవాళ్లకు ముందు నేను చెప్పేది ఇదే. ప్లగ్గు పీకి, పోగుల్ని గట్టిగా మెలిపెట్టి బిగించండి, కుదిరితే బనానా ప్లగ్గులు వేయించుకోండి. మన హాళ్లలో ముందు స్పీకర్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు బాగానే సరిపోతుంది. వెనక స్పీకర్లకు గోడలోని పైపు గుండా చుట్టు తిరిగి దూరం వెళ్లేటప్పుడు 2.5 వేయించండి.

టీవీ నుంచి రిసీవర్‌కి శబ్దం వచ్చే దారి కూడా చూడాలి. టీవీ వెనక హెచ్‌డీఎంఐ సాకెట్లు మూడో నాలుగో ఉంటాయి, వాటిలో ఒక్కదానిమీదే ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉంటుంది. కేబుల్ అందులోకే వెళ్లాలి. తర్వాత టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ ఔట్‌పుట్ దగ్గర పీసీఎం అని ఉంటే పాస్‌త్రూ గానీ బిట్‌స్ట్రీమ్ గానీ చేయండి. మామూలు ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు చానెళ్లే. మీరు ఐదు స్పీకర్లు పెట్టినా రిసీవర్‌కి అందేది స్టీరియోనే. ఇంకా ఆప్టికల్ వైరు వాడుతుంటే ఓటీటీల్లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ దాంట్లోంచి రాదు, దాని మీద వచ్చే అట్మాస్, అంటే తల పైనుంచి కూడా వినిపించే డాల్బీ శబ్దం, అదీ రాదు. మామూలు ఏఆర్‌సీ అయినా ఆ ఓటీటీ అట్మాస్‌ని మోయగలదు. ఈఏఆర్‌సీ అవసరమయ్యేది బ్లూరే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ లాంటి వాటికి.

ఇప్పుడు అసలు మెనూ. స్పీకర్ సెటప్‌లోకి వెళితే ప్రతి స్పీకర్ పక్కన లార్జ్, స్మాల్ అని ఉంటుంది. ఇక్కడే సగం ఇళ్లు దారి తప్పుతాయి. "మావి నడుమెత్తు టవర్ స్పీకర్లండీ, స్మాల్ ఎలా అవుతాయి?" అంటారు. ఆ మాటకు స్పీకర్ ఎత్తుతో సంబంధం లేదు. స్మాల్ పెడితే లోతైన బేస్ సబ్‌వూఫర్‌కి, అంటే బేస్ కోసమే ఉండే పెట్టెకి, వెళుతుంది, లార్జ్ పెడితే ఆ బరువంతా స్పీకరే మోస్తుంది. సబ్‌వూఫర్ ఉన్న ఇంట్లో అన్నింటినీ స్మాల్ పెట్టమనే నా సలహా. లోతైన బేస్‌కి బాగా పవర్ కావాలి. ఆ పని సబ్‌వూఫర్ తన సొంత యాంప్లిఫయర్‌తో చేసుకుంటే రిసీవర్‌కి ఊపిరి ఆడుతుంది, మాటలు తేటగా వస్తాయి.

క్రాసోవర్ అంటే ఆ పంపకం జరిగే గీత. దానికి కిందున్న లోతైన శబ్దం సబ్‌వూఫర్‌కి, పైనున్నది స్పీకర్‌కి. సినిమా శబ్దానికి ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ వాళ్లు ఎప్పటినుంచో చెప్పే అంకె 80 హెర్ట్జ్. ఓ మాదిరి బుక్‌షెల్ఫ్ స్పీకర్లకీ టవర్లకీ అది చక్కగా కుదురుతుంది. అరచేతిలో పట్టే శాటిలైట్ స్పీకర్లయితే 120 దాకా పోవాల్సి రావచ్చు. టీవీ దగ్గర మధ్యలో ఉండి మాటలు పలికే సెంటర్ స్పీకర్‌కి మాత్రం కాస్త ఆలోచించండి. మగవాళ్ల గొంతు అడుగు శ్రుతి సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. సెంటర్ క్రాసోవర్ 150కో 200కో పెడితే గొంతులో సగం సోఫా పక్కనున్న సబ్‌వూఫర్ నుంచి వస్తుంది. మాట హీరో నోట్లోంచి కాక నేలమీద నుంచి వస్తున్నట్టుంటుంది.

సబ్‌వూఫర్ వెనక కూడా ఒక క్రాసోవర్ నాబ్ ఉంటుంది. ఆ పని రిసీవరే చేస్తోంది కాబట్టి దాన్ని చివరిదాకా తిప్పేయండి, ఎల్ఎఫ్ఈ అనే స్విచ్ ఉంటే అది వేయండి. రెండుచోట్లా కోతపెడితే మధ్యలో గుంట పడుతుంది. ఫేజ్ సున్నా దగ్గర, వాల్యూమ్ సగం దగ్గర పెట్టి మొదలుపెట్టండి. రిసీవర్లో ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్ అనో, డబుల్ బేస్ అనో, ఎక్స్‌ట్రా బేస్ అనో ఒకటి ఉంటుంది. వద్దు. ఒకే బేస్ రెండుచోట్ల నుంచి వచ్చి హాలంతా దద్దరిల్లుతుంది, మాటలు అందులో మునిగిపోతాయి.

ఇక మైకుతో కొలవడం. పెట్టెలో చిన్న మైకు వస్తుంది, చాలామంది ఇంకా ప్లాస్టిక్ కవర్ కూడా విప్పరు. డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిసీ, యమహాలో వైపావో, పయొనీర్‌లో ఎంసీఏసీసీ, కొన్నింటిలో డిరాక్. పేర్లు వేరు, పని దాదాపు ఒకటే. ప్రతి స్పీకర్ నుంచి ఒక శబ్దం పంపి, మైకుతో విని, దూరం, మోత, గది చేసే గోల లెక్కగడుతుంది.

దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. మైకుని సోఫా వీపు మీద ఆనించకండి. కుషన్ మీద పడేయకండి. కూర్చుంటే మీ చెవి ఎక్కడుంటుందో, నేల నుంచి సుమారు మూడు, మూడున్నర అడుగుల ఎత్తు, అక్కడ కెమెరా ట్రైపాడ్ మీద నిలబెట్టండి, మొన పైకప్పు వైపు. మొదటి కొలత మీరు రోజూ కూర్చునే చోటే ఉండాలి, ఎందుకంటే దూరాలూ మోతలూ దాన్నిబట్టే కడుతుంది. తర్వాతి కొలతలు దాని చుట్టూ అడుగు, రెండడుగుల లోపల తీసుకోండి. మూల కుర్చీ దాకా, డైనింగ్ టేబుల్ దాకా వెళ్లొద్దు. అందరినీ మెప్పించబోయి ఎవరికీ బాగోకుండా పోతుంది.

సీలింగ్ ఫ్యాన్ తప్పకుండా ఆపండి. మనకి అలవాటైపోయి దాని చప్పుడు వినపడదు గానీ, పైనుంచి వచ్చే గాలి నేరుగా మైకు మొన మీద కొడుతుంది, అది బేస్ లాగా నమోదవుతుంది. ఏసీ, వాషింగ్ మెషిన్ కూడా. కుక్కర్ పొయ్యిమీద ఉంటే విజిల్స్ అయ్యేదాకా ఆగండి. బెంగళూరులో పక్కన ఎక్కడో ఒకచోట డ్రిల్లింగ్ నడుస్తూనే ఉంటుంది, అది ఆగే భోజనాల వేళ చూసుకోండి. మైకుకీ స్పీకర్‌కీ మధ్య ఎవరూ నిలబడకూడదు.

కొలత అయ్యాక వచ్చిన అంకెలు చూడండి. చూడకుండా సరే నొక్కొద్దు. స్పీకర్ దూరాలు టేపుతో కొలిచినదానికి దగ్గరగా ఉండాలి. శబ్దం ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. దగ్గరున్న స్పీకర్ శబ్దాన్ని కాస్త ఆపి, అన్నీ ఒకేసారి మీ చెవికి చేరేలా చేయడానికే ఈ దూరాలు. సబ్‌వూఫర్ దగ్గర మాత్రం ఆశ్చర్యపోతారు. అది ఎనిమిది అడుగుల్లో ఉంటే రిసీవర్ పన్నెండు అని చూపిస్తుంది. దాన్ని దిద్దకండి. సబ్‌వూఫర్ లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల శబ్దం ఆలస్యంగా బయలుదేరుతుంది, ఆ ఆలస్యాన్నే అది అదనపు దూరంగా లెక్కగట్టింది. ఆ అంకె సరైనదే.

సబ్‌వూఫర్ మోత మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగిపోయిందనుకోండి, అక్కడితో రిసీవర్ హద్దు అయిపోయింది, ఇంకా తగ్గించాలనుకున్నా తగ్గించలేకపోయింది. సబ్‌వూఫర్ నాబ్ తగ్గించి మళ్లీ కొలవండి. టవర్లని లార్జ్ అని తేల్చి ఉంటే స్మాల్ చేసి 80 పెట్టండి. క్రాసోవర్‌ని కొలత చెప్పినదానికంటే పైకి జరపొచ్చు, కిందికి మాత్రం వద్దు. స్పీకర్ అంతకన్నా లోతుకి దిగలేదని అది కనిపెట్టింది కాబట్టే అక్కడ ఆగింది.

(సభలో ఒక పెద్దాయన: "బాబూ, ఇవన్నీ చేశాం. అయినా మా ఇంట్లో బేస్ ఒకచోట ఢామ్మంటుంది, ఒకచోట అసలుండదు.")

మంచి ప్రశ్న అడిగారండీ. సోఫా గోడకు ఆనించి ఉందా? ఉంది కదా. అది సెట్టింగ్ తప్పు కాదు, గది చేసే పని. హాలు పొడవు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లనుకోండి. ఆ పొడవులో 47 హెర్ట్జ్ దగ్గర ఒక అల నిలబడిపోతుంది. అది గోడల దగ్గర ఉబ్బుతుంది, సరిగ్గా గది మధ్యలో మాయమవుతుంది. గోడకు ఆనుకుని కూర్చున్నవారికి మోత, మధ్యలో కుర్చీ వేసుకున్నవారికి ఏమీ ఉండదు. ఇద్దరూ ఒకే సినిమా చూస్తున్నారు మరి. ఏ ఈక్వలైజర్ అయినా ఉబ్బుని తగ్గించగలదు గానీ, మాయమైనదాన్ని తెచ్చిపెట్టలేదు. అక్కడ ఎంత పవర్ పోసినా ఆ అల అంతే గట్టిగా కొట్టేస్తుంది.

అందుకని సోఫాని గోడ నుంచి ఒకటిన్నర అడుగు ముందుకి లాగండి, రెండైతే ఇంకా మంచిది. తర్వాత సబ్‌వూఫర్‌ని తెచ్చి సోఫా మీద, మీరు కూర్చునే చోట పెట్టండి. బేస్ బాగా ఉన్న పాట ఒకటి పెట్టి, మీరు గోడ వెంట వంగి, చెవి నేలకు దగ్గరగా పెట్టి నడవండి. ఎక్కడ బేస్ సమంగా, గట్టిగా, గజిబిజి లేకుండా వినపడుతుందో అక్కడ సబ్‌వూఫర్ పెట్టి, మళ్లీ మైకుతో కొలవండి. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ, వినేచోటూ శబ్దం పుట్టేచోటూ మార్చుకున్నా గది ఒకేలా స్పందిస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మన ఫ్లాట్లలో ఇంకో ఇబ్బంది, నేలంతా నున్నటి వెట్రిఫైడ్ టైల్స్, ఒకపక్క బాల్కనీ అద్దాల తలుపు. మాటలోని హల్లులు అద్దానికీ టైల్స్‌కీ కొట్టుకుని చెదిరిపోతాయి. టీవీకీ సోఫాకీ మధ్య మందంగా ఒక తివాచీ, అద్దానికి బరువైన కర్టెన్, ఈ రెండూ వేసి వినండి. నా అనుభవంలో మాటల స్పష్టతకి ఇవి చాలా మెనూల కంటే ఎక్కువ మేలు చేశాయి. సెంటర్ స్పీకర్‌ని టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేయకండి. దాని ముందు అంచు అర అంచుకి సమంగా రావాలి, కింది అరలో ఉంటే ముందు రెండు రబ్బరు బుడిపెలు పెట్టి మొహం మీ చెవివైపు ఎత్తాలి. మన కార్పెంటర్లు యూనిట్‌కి తలుపులు పెడతారు కదా, రిసీవర్ ఉన్న అరకి తలుపు వద్దు. మీద సెట్‌టాప్ బాక్సు పెట్టొద్దు. దాని వేడి పైనుంచి పోవాలి.

ముందు స్పీకర్లు రెండూ మీ కుర్చీ నుంచి చూస్తే మధ్యరేఖకి చెరో వైపు 22 నుంచి 30 డిగ్రీల్లో, సరౌండ్‌లు, అంటే వెనక స్పీకర్లు, 110 నుంచి 120 డిగ్రీల్లో, అంటే పక్కకి కాస్త వెనగ్గా, ఉండాలని డాల్బీ చెబుతుంది. మన హాళ్లలో ఒకపక్క గోడే ఉండదు, వంటింటి దారి ఉంటుంది. అక్కడ స్టాండ్ వేసుకోండి. అటూ ఇటూ కొంచెం తేడా ఉన్నా మైకు కొలత సర్దుకుంటుంది.

(ఒకావిడ: "రాత్రి తొమ్మిదిన్నర దాటితే కింది ఫ్లాట్ వాళ్లు ఫోన్ చేస్తున్నారండీ.")

వాళ్లు చేయడం న్యాయమే అమ్మా. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 అని అందులో ఉంది. కిందికి దిగేది మాటలు కాదు, శ్లాబులోంచి పాకే బేస్. తొమ్మిది దాటాక సబ్‌వూఫర్ మోతని రిసీవర్ మెనూలో ఐదారు డెసిబెల్స్ తగ్గించండి, దాని కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ వేయండి. ఆపైన డైనమిక్ వాల్యూమ్ అనో, నైట్ మోడ్ అనో, డీఆర్‌సీ అనో ఉన్నదాన్ని ఆన్ చేయండి. అది పెద్ద శబ్దాన్ని నొక్కి, చిన్న మాటని పైకి లేపుతుంది. ఇలా చేస్తే సినిమా మజా పోతుందని కొందరంటారు. రాత్రిపూట ఇంట్లో పిల్లలు పడుకున్నప్పుడు ఇదే సరైన పద్ధతని నేను గట్టిగా నమ్ముతాను.

వాల్యూమ్ మైనస్ అంకెల్లో ఎందుకు చూపిస్తుందని కూడా అడుగుతుంటారు. కొలత సరిగ్గా జరిగాక సున్నా అంటే సినిమా హాలు ప్రమాణం. మామూలు మోత 85 డెసిబెల్స్, ఒక్కో స్పీకర్ నుంచి శిఖరాలు 105 దాకా. ఇంట్లో అంత అక్కర్లేదు. మైనస్ 25, మైనస్ 20 దగ్గర చాలామందికి హాయిగా ఉంటుంది. అయితే మోత తగ్గించినకొద్దీ మన చెవికి బేస్, సరౌండ్ ముందు పలచబడతాయి. ఆడిసీలో ఉండే డైనమిక్ ఈక్యూ అనే సెట్టింగ్ దాన్ని సరిచేస్తుంది. సినిమాకి అలాగే ఉంచండి. టీవీ సీరియళ్లకి, పాటలకి బేస్ ఎక్కువైపోతే రిఫరెన్స్ ఆఫ్‌సెట్ 10కో 15కో మార్చండి.

ఇన్ని చేశాక కూడా మాట ఒక పిసరు వెనకబడితే, సెంటర్ మోతని 2 డెసిబెల్స్, మహా అయితే 3 పెంచండి. మైకు చెప్పిన అంకె మార్చకూడదని శాస్త్రమేమీ లేదు. పెద్దవాళ్లకి చెవి తగ్గుతున్న ఇంట్లో అది తప్పకుండా చేయాల్సిన పని. డీటీహెచ్ చానెళ్లు చాలావరకు స్టీరియోలో వస్తాయి. వాటికి మల్టీ చానెల్ స్టీరియో పెడితే అదే మాట నాలుగు మూలల నుంచీ వచ్చి గందరగోళమవుతుంది. డాల్బీ సరౌండ్ అనే మోడ్ పెట్టండి, మాటని సెంటర్‌లోకి లాగుతుంది. పాత పాటలు వినేటప్పుడు మాత్రం స్టీరియో. ఘంటసాల గారి గొంతుని ఐదు స్పీకర్లకి పంచడం నాకు మనసొప్పదు.

పెదాలకీ మాటకీ పొంతన లేకపోతే లిప్ సింక్ చూడండి. రిసీవర్ శబ్దాన్ని ఆలస్యం చేయగలదు, ముందుకి లాగలేదు. మాట ముందే వచ్చేస్తుంటే కొన్ని మిల్లీసెకన్లు పెంచండి. మాటే వెనకబడితే ముందు అక్కడి అంకె సున్నా చేయండి.

(ఒక కుర్రాడు: "అన్నా, మా హాల్లో ఫాల్స్ సీలింగ్ ఉంది. పైకి చూసే అట్మాస్ స్పీకర్లు పనిచేస్తాయా?")

చదునుగా, గట్టిగా ఉన్న జిప్సం సీలింగ్ అయితే పనిచేస్తాయి. ఎత్తు ఎనిమిది నుంచి పన్నెండు అడుగుల్లో ఉంటే బాగా. లైట్ల కోసం మధ్యలో గుంటలు, అంచులు చేసి ఉంటే శబ్దం అక్కడ చెదిరిపోతుంది. అట్మాస్ 2012లో సినిమా హాళ్లలోకి వచ్చినప్పుడు నిజంగా పైకప్పుకే స్పీకర్లు బిగించారు. పైకి కొట్టి కిందికి రప్పించడం ఇళ్ల కోసం చేసిన సర్దుబాటు. మీరు పెట్టాక రిసీవర్లో వాటిని టాప్ అనో హైట్ అనో కాకుండా డాల్బీ ఎనేబుల్డ్ అని ఎంచుకోవాలి. సీలింగ్‌కి కొట్టి వచ్చే దూరాన్ని అప్పుడే సరిగ్గా లెక్కగడుతుంది. కానీ తమ్ముడూ, ముందు ఐదు స్పీకర్లూ, ఒక సబ్‌వూఫరూ సరిగ్గా కుదిరాకే వాటి జోలికి వెళ్లు.

మళ్లీ ఎప్పుడు కొలవాలని ఇందాక ఎవరో అడిగారు. సోఫా జరిపినా, తివాచీ వేసినా, ఇల్లు మారినా కొలవాలి. కొలిచి, అంకెలు దిద్దుకుని, ఒక వారం రోజులు ఇంట్లో అందరూ రోజూ చూసేవే చూడండి. నచ్చితే సెట్టింగ్స్‌ని రిసీవర్లోనే సేవ్ చేసుకునే వీలుంటుంది, లేకపోతే స్పీకర్ దూరాలు, మోతలు, క్రాసోవర్ల పేజీలని ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఎవరైనా పొరపాటున రీసెట్ నొక్కితే దూరాలు, మోతలు, క్రాసోవర్లు ఆ ఫోటోలు చూసి మళ్లీ పెట్టుకోవచ్చు. గది కోసం చేసిన సవరణ మాత్రం ఫోటోలో రాదు, దానికి మైకు మళ్లీ తీయాల్సిందే. కాబట్టి ఆ మైకుని ఎక్కడ పెట్టారో గుర్తుపెట్టుకోండి, వేరే కంపెనీ మైకు దానికి సరిపడదు.